ఫోర్‌వీల్ డ్రైవ్ బండి ముందు భాగంలో శబ్దం ఎక్కడ పుడుతుంది?

షెడ్డుకు బండి తెచ్చినవారు శబ్దాన్ని నోటితోనే చేసి చూపిస్తారు. ఒకరు గరగరమంటోందంటారు, ఒకరు టకటక అంటారు, ఇంకొకరు గుయ్‌మని మోగుతోందంటారు. ధ్వనిని అనుకరించే మాటలకు తెలుగులో కరువు లేదు కాబట్టి ఈ వర్ణన చాలాసార్లు నిక్కచ్చిగానే ఉంటుంది. అయినా ఆ ఒక్క మాటను పట్టుకుని విడిభాగం మారిస్తే శబ్దం పోతుందన్న హామీ లేదు. గరగర అనేది అరిగిన బేరింగ్ నుంచి రావచ్చు, ఎగుడుదిగుడుగా అరిగిన టైరు నుంచి రావచ్చు, బ్రేక్ డిస్క్ వెనకాల రేకులో ఇరుక్కున్న గులకరాయి నుంచి కూడా రావచ్చు. మొదటిదానికి అయ్యే ఖర్చు వేలల్లో ఉంటుంది, చివరిదానికి స్క్రూడ్రైవర్ చాలు.

ఫోర్‌వీల్ డ్రైవ్ బండి ముందు ఇరుసు మూడు పనులు చేస్తుంది. బండి బరువు మోస్తుంది, స్టీరింగ్ చెప్పిన వైపుకు చక్రాలను మళ్లిస్తుంది, లివర్ వేసినప్పుడు ఇంజిన్ శక్తిని కూడా చక్రాలకు అందిస్తుంది. వెనక చక్రాలతో మాత్రమే నడిచే జీపుకు మూడో పని ఉండదు. అందువల్ల ఫోర్‌వీల్ డ్రైవ్‌లో అనుమానించవలసిన భాగాల సంఖ్య దాదాపు రెట్టింపవుతుంది. ఆ కష్టానికి విరుగుడు కూడా ఆ బండిలోనే ఉంది. ముందు ఇరుసుకు వెళ్లే శక్తిని డ్రైవరు తన చేత్తో కలపగలడు, విడదీయగలడు. శబ్దం ఏ స్థితిలో పుడుతోంది, ఏ స్థితిలో ఆగిపోతోంది అని తేల్చడానికి ఇంజిన్ శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ లివర్‌ను మించిన పరికరం ఏ షెడ్డులోనూ లేదు. విచిత్రమేమిటంటే, రోడ్డు మీద పరీక్షించేటప్పుడు దానిని ముట్టుకునేవారు తక్కువ.

లివర్ వేసినప్పుడు ఏది తిరుగుతుంది, తీసినప్పుడు ఏది ఆగుతుంది అన్నది బండిని బట్టి మారుతుంది కాబట్టి ముందు ఆ అమరిక తెలిసి ఉండాలి. 1985లో మన దేశానికి వచ్చిన మారుతి జిప్సీలో ముందూ వెనకా గట్టి ఇరుసులే (రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం), వాటి కింద కమాన్ పట్టీలే. ముందు చక్రాల హబ్‌ను, అంటే చక్రం నడిబొడ్డును, చేత్తో తిప్పి ఇరుసుతో కలపడానికీ విడదీయడానికీ వీలున్న జిప్సీలు చాలా ఉన్నాయి. 2023లో విడుదలైన ఐదు తలుపుల జిమ్నీ కూడా గట్టి ఇరుసుల బండే, కానీ కమాన్ పట్టీలకు బదులు కాయిల్ స్ప్రింగులు ఉంటాయి, హబ్‌లు గాలి ఒత్తిడిలోని తేడాతో వాటంతటవే కలుస్తాయి. 2020లో వచ్చిన థార్‌లో ముందు చక్రాలకు దేని సస్పెన్షన్ దానిదే. రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల పెట్టె, అంటే డిఫరెన్షియల్, ఛాసిస్‌కు బిగించి ఉంటుంది, దాని నుంచి రెండు చక్రాలకు సీవీ షాఫ్టులు, అంటే వంగినా ఒకే వేగంతో తిప్పే జాయింట్లున్న షాఫ్టులు, వెళతాయి. ఈ మూడు రకాలలోనూ ఒకే శబ్దానికి అర్థం ఒకటి కాదు. సీవీ షాఫ్టు రబ్బరు బూటు చిరిగిందా అని బయటినుంచి చూసి చెప్పడం థార్‌లో కుదురుతుంది. జిప్సీలో ఆ జాయింటు చక్రంతో పాటు మళ్లే గుండ్రటి ఇనుప నకిల్ లోపల గ్రీజులో మునిగి ఉంటుంది కాబట్టి విప్పితే తప్ప కనబడదు.

చేత్తో కలిపే హబ్‌లున్న బండిలో పరీక్ష సులువుగా మూడు మెట్లలో సాగుతుంది. మొదట హబ్‌లను విడిపించి, లివర్‌ను టూవీల్‌లో ఉంచి, శబ్దం వచ్చే వేగంలో నడపాలి. ఈ స్థితిలో రోడ్డు మీద తిరిగేవి టైరు, రిమ్ము, హబ్, చక్రం బేరింగులు, బ్రేక్ డిస్కు మాత్రమే. ఇరుసు షాఫ్టులు, జాయింట్లు, డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి డిఫరెన్షియల్‌కు వెళ్లే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు అన్నీ కదలకుండా ఉంటాయి. శబ్దం ఇక్కడే ఉందంటే వెతకవలసిన చోటు సగానికి పైగా కుదించుకుపోయినట్టే. శబ్దం లేకపోతే హబ్‌లను కలిపి, లివర్‌ను మాత్రం టూవీల్‌లోనే ఉంచి, అదే రోడ్డు మీద మళ్లీ నడపాలి. ఇప్పుడు చక్రాలు షాఫ్టులను తిప్పుతాయి, షాఫ్టులు డిఫరెన్షియల్‌లోని పెద్ద గేరైన క్రౌన్‌ను, క్రౌన్ చిన్న గేరైన పినియన్‌ను, పినియన్ ప్రొపెల్లర్ షాఫ్టును తిప్పుతాయి. అంటే అన్నీ తిరుగుతాయి, కానీ వాటి మీద భారం ఉండదు. ఈ మెట్టులో కొత్తగా వచ్చిన శబ్దం వంగిన షాఫ్టుదో, గ్రీజు ఎండిన క్రాస్‌దో (షాఫ్టు చివర వంగే జాయింటు), ఆయిల్ లేని డిఫరెన్షియల్‌దో అయి ఉంటుంది. మూడో మెట్టులో, మట్టి లేదా ఇసుక నేల మీద మాత్రమే, లివర్‌ను ఫోర్‌వీల్‌లో వేసి యాక్సిలరేటర్ నొక్కాలి. భారం పడితేనే వచ్చే శబ్దాలు, అంటే అరిగిన సీవీ జాయింటు, దెబ్బతిన్న గేర్ పళ్లు, సాగిన ట్రాన్స్‌ఫర్ కేస్ చైను, ఇక్కడ బయటపడతాయి.

హబ్‌లు లేకుండా ఇరుసులోనే ఒక పక్క షాఫ్టును విడదీసే ఏర్పాటు ఉన్న బండ్లలో ఈ మెట్లు అంత స్పష్టంగా విడిపోవు. అక్కడ టూవీల్‌లో కూడా చక్రాలు తమ షాఫ్టులను తిప్పుతూనే ఉంటాయి, డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు కూడా తిరుగుతాయి. ఆగేవి క్రౌన్, పినియన్, ప్రొపెల్లర్ షాఫ్టు మాత్రమే. అందుకని అలాంటి బండిలో టూవీల్‌లో శబ్దం వస్తోందంటే సీవీ జాయింట్లను నిర్దోషులుగా వదిలేయకూడదు.

హబ్ కూడా ఒక్కోసారి దోషి అవుతుంది. గాలి ఒత్తిడితో కలిసే హబ్‌లకు వెళ్లే సన్నటి రబ్బరు గొట్టం పగిలినా, హబ్ లోపలి సీలు అరిగినా అది పూర్తిగా కలవదు, పూర్తిగా విడిపోదు. పళ్ల కొసలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ తిరుగుతాయి. లోపల ఎవరో కాఫీ గింజలు మరలో ఆడిస్తున్నట్టు గర్ర్‌మనే శబ్దం, అది కూడా ఉండుండి వస్తుంది. దీని గుర్తు స్పష్టమైనది. లివర్‌ను ఫోర్‌వీల్‌లోకి వేయగానే శబ్దం ఆగిపోతే, అంటే పళ్లు పూర్తిగా కూర్చోగానే నిశ్శబ్దమైతే, బేరింగ్ జోలికి వెళ్లకముందు ఆ గొట్టాలను చూడాలి. ఈ శబ్దాన్ని చక్రం బేరింగ్‌గా పొరబడి రెండు పక్కలా బేరింగులు మార్చడం, తర్వాత కూడా శబ్దం అలాగే ఉండటం అరుదైన సంగతి కాదు.

లోపం కాకుండానే భయపెట్టే శబ్దం ఒకటుంది. ముందు, వెనక షాఫ్టులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే మధ్య డిఫరెన్షియల్ లేని బండిని ఎండిన తారు రోడ్డు మీద ఫోర్‌వీల్‌లో ఉంచి మలుపు తిప్పితే ముందు భాగం బిగుసుకుపోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, ఉన్నట్టుండి ధడ్‌మని దెబ్బ వినబడుతుంది. దీని కారణం లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. జిమ్నీ ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.59 మీటర్లు. ముందు ఇరుసు మధ్య భాగం 5 మీటర్ల వ్యాసార్ధంలో ఒక చుట్టు తిరిగిందనుకుంటే అది 31.4 మీటర్లు నడుస్తుంది. వెనక ఇరుసు లోపలి దారిన పోతుంది కాబట్టి దాని వ్యాసార్ధం సుమారు 4.3 మీటర్లు, నడిచే దూరం 27 మీటర్ల లోపే. తేడా నాలుగున్నర మీటర్లు, టైరు లెక్కలో రెండు చుట్లకు పైన. ముందు, వెనక ప్రొపెల్లర్ షాఫ్టులను ట్రాన్స్‌ఫర్ కేస్ ఒకే వేగంతో తిప్పుతుంటే ఈ రెండు చుట్ల తేడా ఎక్కడికీ పోలేక షాఫ్టులలో మెలికగా పేరుకుంటుంది, చివరికి ఏదో ఒక టైరు జారి ఒక్కసారిగా వదులుతుంది. ఇసుకలోనైతే టైరు జారుతూనే ఉంటుంది కాబట్టి మెలిక పేరుకోదు. గోదావరి ఇసుక తిన్నెల మీద నిశ్శబ్దంగా నడిచిన బండి గట్టు ఎక్కి తారు రోడ్డు మీద మలుపు తిరగగానే చప్పుడు చేస్తే, చూడవలసింది లివర్ ఎక్కడుందన్నదే.

శబ్దం వేగంతో ఎలా మారుతుందన్నది తర్వాతి ఆధారం. దీనికి చిన్న లెక్క చాలు. జిమ్నీ టైరు కొలత 195/80 ఆర్15, దాని చుట్టుకొలత దాదాపు 2.18 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 16.7 మీటర్లు పోతుంది కాబట్టి చక్రం సెకనుకు 7.7 సార్లు తిరుగుతుంది. టైరులో ఉబ్బు, రిమ్ములో వంపు, డిస్కులో వంకర ఉంటే చుట్టుకొక దెబ్బ, అంటే సెకనుకు ఏడెనిమిది దెబ్బలు పడతాయి. చెవి కంటే ముందు స్టీరింగ్ పట్టుకున్న చెయ్యి దీనిని గుర్తిస్తుంది. డిఫరెన్షియల్ నిష్పత్తి 4 అనుకుంటే అదే వేగంలో ప్రొపెల్లర్ షాఫ్టు సెకనుకు 31 సార్లు తిరుగుతుంది. దాని బ్యాలెన్స్ తప్పితే వచ్చేది విడి దెబ్బలు కాదు, నేల రేకులో మొదలై సీటులోకి పాకే బుర్రుమనే ప్రకంపన. షాఫ్టు చివర ఉండే క్రాస్ చుట్టుకు రెండుసార్లు వేగాన్ని హెచ్చిస్తుంది, తగ్గిస్తుంది కాబట్టి అక్కడి లోపం దీనికి రెట్టింపు, అరవై పైచిలుకు. పినియన్‌కు 10 పళ్లుంటే పళ్లు కలిసే శబ్దం సెకనుకు మూడు వందల పైచిలుకు సార్లు, అంటే అది గానంలాగా సన్నగా సాగే స్వరం. ముందు చక్రం దగ్గర నుంచి సన్నటి ఈల వినబడుతోందని ఎవరైనా చెబితే అది టైరు చుట్టుతో వచ్చే దెబ్బ అయ్యే అవకాశం లేదు. వేగాన్ని కొలిచే ముల్లు చూస్తూ దెబ్బల్ని లెక్కపెడితే చాలు, సగం అనుమానాలు అక్కడికక్కడే తీరిపోతాయి.

ముందు భాగంలో శబ్దం అనగానే అందరి వేలూ చూపించేది చక్రం బేరింగునే. నిజానికి దానికంటే ఎక్కువసార్లు శబ్దం చేసేది టైరే. ఈ రెండింటి మోతా గూం అనే ఒకే తరహాది, వేగంతో పెరుగుతుంది, యాక్సిలరేటర్ నొక్కినా వదిలినా మారదు. వీటిని విడదీసే పరీక్షలు రెండున్నాయి. మొదటిది రోడ్డు. గరుకు తారు నుంచి నున్నటి తారుకో, సిమెంటు రోడ్డుకో మారగానే శబ్దం స్వరం మారితే అది టైరు. బేరింగుకు రోడ్డు ఏదైనా ఒకటే. రెండోది మలుపు. ఖాళీగా ఉన్న వెడల్పాటి రోడ్డు మీద 50, 60 కిలోమీటర్ల వేగంలో బండిని మెల్లగా ఎడమకు, కుడికి ఊపాలి. ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడి చక్రాల మీదికి ఒరుగుతుంది. అప్పుడు శబ్దం పెరిగి, కుడికి తిరిగినప్పుడు తగ్గితే కుడి పక్క బేరింగును అనుమానించాలి. ఇది నూటికి నూరుపాళ్లు నిలిచే నియమం కాదు, ఎందుకంటే ఒకే హబ్‌లో లోపలి బేరింగు, బయటి బేరింగు వేర్వేరుగా భారం మోస్తాయి. అయినా మొదటి ఊహకు ఇది బాగానే పనికొస్తుంది. అప్పటికీ తేలకపోతే ముందు టైర్లను వెనక్కి మార్చి నడపాలి. శబ్దం కూడా వెనక్కి వెళ్లిందంటే బేరింగు బతికిపోయినట్టే. బురదలో పట్టు కోసం పెద్ద గడులున్న టైర్లు వేయించుకున్నవారు ఈ పరీక్షతోనే మొదలుపెట్టడం మంచిది. ఆ గడుల అంచులు ఒక పక్కకు అరిగితే వచ్చే మోత పాడైన బేరింగును అచ్చుగుద్దినట్టు ఉంటుంది.

చక్రాన్ని పైకి లేపాక చెవి కంటే చెయ్యి నమ్మకమైనది. హబ్ విడిపించి, చక్రాన్ని ఒక చేత్తో గట్టిగా తిప్పి, రెండో చేతి వేళ్లను కాయిల్ స్ప్రింగు మీద ఆనించాలి. బేరింగు బాగుంటే వేళ్లకు ఏమీ తెలియదు. గుంత పడిన రోలరు ఉంటే స్ప్రింగు సన్నగా జివ్వుమంటుంది. ముల్లు గీరుతున్నట్టుండే ఆ స్పర్శ ఒకసారి తెలిసినవారు మళ్లీ పొరబడరు. కమాన్ పట్టీల బండిలోనైతే ఈ సదుపాయం ఉండదు, నకిల్ మీద చెయ్యి పెట్టవలసిందే. రోడ్డు మీద పది, పదిహేను కిలోమీటర్లు నడిపి వచ్చాక రెండు హబ్‌లనూ ముట్టి చూడటం ఇంకో పాత పద్ధతి. బ్రేకులు ఎక్కువగా వేయకుండా నడిపితే ఎక్కువ వేడెక్కిన పక్క బేరింగు బిగుసుకుందనో, గ్రీజు ఆరిపోయిందనో తెలుస్తుంది. కొత్తగా బిగించిన బేరింగు కూడా ఈ పరీక్షలో దొరికిపోతుంది, ఎందుకంటే సర్దుబాటు చేసే టేపర్ బేరింగును ఎక్కువ బిగిస్తే వదులైనదానికంటే తొందరగా పాడవుతుంది.

ఆ తర్వాత చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. కదలిక ఉంటే అది చక్రం బేరింగుదా, నకిల్‌ను సస్పెన్షన్ ఆర్మ్‌కు కలిపే బాల్ జాయింటుదా అన్న ప్రశ్న వస్తుంది. దీనికి జవాబు లోపల కూర్చున్న మనిషి కాలిలో ఉంది. అతను బ్రేకు నొక్కి పట్టుకుంటే క్యాలిపర్ డిస్కును బిగబట్టి హబ్‌ను నకిల్‌కు కట్టేస్తుంది. ఇప్పుడు ఊపితే కదలిక మాయమైతే లోపం బేరింగులో ఉంది. బ్రేకు నొక్కినా కదులుతోందంటే నకిల్ మొత్తం ఊగుతోందన్నమాట, అంటే బాల్ జాయింటు, లేదా జిప్సీ, జిమ్నీ తరహా ఇరుసులో నకిల్‌ను ఇరుసు మీద తిరగనిచ్చే కింగ్‌పిన్ బేరింగు. చక్రాన్ని ఎడమా కుడీ పట్టుకుని ఊపితే వచ్చే కదలిక ఎక్కువగా టై రాడ్ ఎండ్‌లదీ, స్టీరింగ్ బాక్సుదీ.

ఇక్కడ జాకీ ఎక్కడ పెట్టారన్నది చాలా ముఖ్యం. స్ప్రింగు కింది ఆర్మ్ మీద ఆనే సస్పెన్షన్‌లో బండిని ఛాసిస్ దగ్గర లేపితే స్ప్రింగు ఆర్మ్‌ను కిందికి నెట్టి జాయింట్లను బిగబట్టి ఉంచుతుంది. ఎంత అరిగిన బాల్ జాయింటైనా అప్పుడు బిగుతుగానే కనిపిస్తుంది. జాకీని కింది ఆర్మ్ కిందే, చక్రానికి దగ్గరగా పెట్టి లేపితే స్ప్రింగు భారం జాయింటు మీద నుంచి తప్పుకుంటుంది, దాగి ఉన్న ఆట, అంటే వదులు, బయటికి వస్తుంది. షెడ్డులో అంతా బాగుందని పంపించిన బండి మొదటి గుంతలోనే మళ్లీ టక్‌మనడానికి ఎక్కువసార్లు ఇదే కారణం.

గుంతల్లో, స్పీడ్ బ్రేకర్ల మీద వచ్చే టక్, లొటలొట శబ్దాలకు శక్తి ప్రసారంతో సంబంధం లేదు. లివర్ ఎక్కడున్నా అవి మారవు. స్టెబిలైజర్ లింక్ రాడ్లు, ఆర్మ్ బుష్‌లు, షాక్ అబ్జార్బర్ పైచివరి బుష్, కమాన్ పట్టీల షాకిల్ బుష్ ఈ కోవలోవి. ఒక చక్రం మాత్రమే గుంతలో పడినప్పుడు శబ్దం వచ్చి, రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు రాకపోతే ముందు లింక్ రాడ్లను చూడాలి, ఎందుకంటే రెండు పక్కలూ సమంగా లేచినప్పుడు స్టెబిలైజర్ కడ్డీ మెలిపడదు. ఇంతకంటే తేలికగా తేలే శబ్దం మరొకటి లేదు.

గట్టి ఇరుసు, కాయిల్ స్ప్రింగుల బండిలో ఇరుసు పక్కకు జరగకుండా ఆపేది ఛాసిస్‌కూ ఇరుసుకూ అడ్డంగా ఉన్న ఒకే ఒక్క కడ్డీ. దాని బుష్ అరిగితే స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ ముందు ఇరుసు మొదట పక్కకు జరిగి, ఆ తర్వాత చక్రాలు తిరుగుతాయి. నిలిపిన బండిలో ఇంజిన్ నడుస్తుండగా ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ ఉంటే, ఇంకొకరు కింద కూర్చుని ఆ కడ్డీ చివర వేలు పెడితే టక్ అనేది వేలికే తగులుతుంది. ఇదే బుష్, కింగ్‌పిన్ బేరింగు బిగుతు తగ్గడం, చక్రాల బ్యాలెన్స్ తప్పడం, ఈ మూడింట్లో రెండు కలిసినా చాలు, ఒక వేగం దగ్గర చిన్న గుంత తగలగానే ముందు చక్రాలు రెండూ అటూ ఇటూ విపరీతంగా కొట్టుకోవడం మొదలవుతుంది, వేగం బాగా తగ్గిస్తే తప్ప ఆగదు. స్టీరింగ్ డ్యాంపర్ మారిస్తే ఆ వణుకు కొన్నాళ్లు అణుగుతుంది. అణిగిందే తప్ప పోలేదన్నది తర్వాత తెలుస్తుంది. కింగ్‌పిన్ బిగుతును కొలవడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. టై రాడ్ విప్పి, నకిల్ చేతికి స్ప్రింగు త్రాసు తగిలించి లాగుతూ, కదలడం మొదలైన చోట త్రాసు చూపిన అంకెను తయారీదారు చెప్పిన పరిమితితో పోల్చాలి. తక్కువగా ఉంటే సన్నటి షిమ్ములు తీసి సరిచేస్తారు.

సీవీ జాయింటు చేసే శబ్దం దాదాపు దానికే ప్రత్యేకం. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, యాక్సిలరేటర్ నొక్కుతూ మలుపు తిరిగేటప్పుడు టక్ టక్ టక్ అని చక్రం వేగంతో పాటు దగ్గరపడుతూ వస్తే అది బయటి జాయింటు. లోపలి జాయింటు అరిగితే మలుపుతో పని లేదు. నేరుగా పోతూ యాక్సిలరేటర్ నొక్కినప్పుడు బండి ముందు భాగం వణుకుతుంది, వదిలి మళ్లీ నొక్కినప్పుడు ఒక్క దెబ్బ వినబడుతుంది. ముందు చక్రాలకు సాధారణ క్రాస్ ఎందుకు పనికిరాదో ఆలోచిస్తే ఈ జాయింటు కష్టం అర్థమవుతుంది. క్రాస్ 30 డిగ్రీలు వంగినప్పుడు అటుపక్క వేగం ఒక్క చుట్టులోనే 0.87 రెట్లకు తగ్గి, 1.15 రెట్లకు పెరుగుతుంది. అలాంటి కుదుపుతో మలుపు తిరగడం సాధ్యం కాదు. ఆల్‌ఫ్రెడ్ ర్జెప్పా 1920లలో రూపొందించిన గుండ్ల జాయింటు ఈ హెచ్చుతగ్గును తీసివేసింది. కానీ ఆరు ఉక్కు గుండ్లు సన్నటి గాడుల్లో జారుతూ భారమంతా మోయాలి కాబట్టి బూటు చిరిగి కాస్త బురద లోపలికి పోతే గాడులు త్వరగా గుంతలు పడతాయి. నల్లరేగడి నేలల్లో తిరిగే బండికి ఈ ముప్పు ఎక్కువ. ఆ మట్టి తడిసినప్పుడు బూటు మడతల్లో అతుక్కుని, ఎండాక గట్టిపడి, మలుపు తిరిగినప్పుడల్లా రబ్బరును కోస్తుంది. ఎత్తు పెంచే కిట్లు బిగించిన స్వతంత్ర సస్పెన్షన్ బండ్లలో సీవీ షాఫ్టు ఎప్పుడూ వంగే ఉంటుంది కాబట్టి బూట్లు ఇంకా ముందే పోతాయి. ఈ సంగతి కిట్టు అమ్మేటప్పుడు సాధారణంగా ఎవరూ చెప్పరు.

క్రాస్‌లో గ్రీజు ఎండితే మెల్లగా పోతున్నప్పుడు పిట్ట కూసినట్టు కిచ్ కిచ్ అంటుంది, వేగం పెరిగితే మిగతా రొదలో కలిసిపోతుంది. గ్రీజు కొడితే ఆ కూత ఆగవచ్చు. ఆగినా సూదుల బేరింగు అప్పటికే తుప్పు పట్టి ఉంటే కొద్ది రోజులే. బండిని కదిలించేటప్పుడు, గేరు మార్చేటప్పుడు వచ్చే ఒక్క ధడ్‌కు క్రాస్ మాత్రమే కారణం కానక్కర్లేదు. ప్రొపెల్లర్ షాఫ్టు జారే భాగంలో గ్రీజు లేకపోయినా, ఇంజిన్ మౌంటింగు చిరిగినా, డిఫరెన్షియల్‌లో ఆట పెరిగినా అదే దెబ్బ. ఫోర్‌వీల్‌లో ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే కాళ్ల కింద నుంచి టప్‌మని ఎగిరిపడినట్టు వచ్చే దెబ్బ ట్రాన్స్‌ఫర్ కేస్ చైను పళ్ల మీద దాటుతున్న శబ్దం కావచ్చు. పాడేరు, మారేడుమిల్లి వైపు ఘాట్ దారుల్లో బరువుతో ఎక్కే బండికి ఇది బయటపడే అవకాశం ఎక్కువ. వినబడేది ముందు నుంచే అనిపించినా చూడవలసింది బండి మధ్యలో, ముందు సీట్ల అడుగున.

ఈ మోసానికి కారణం ఛాసిసే. ఉక్కులో ధ్వని సెకనుకు దాదాపు 5 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఎడమ చక్రం దగ్గర పుట్టిన శబ్దం పొడవాటి ఉక్కు దూలాల గుండా బాడీ మౌంటింగుల దగ్గరికి చేరి, ఏ రేకు బాగా మోగుతుందో అక్కడి నుంచి లోపలికి వస్తుంది. పైగా మన బండ్లలో డ్రైవరు కుడి పక్కన కూర్చుంటాడు కాబట్టి కుడి చక్రం శబ్దమే అతనికి పెద్దగా తోస్తుంది. ఇద్దరు వెళ్లి, ఒకసారి ఎడమ సీటు నుంచి, ఒకసారి వెనక సీటు నుంచి వినడం అందుకే అవసరం.

డిఫరెన్షియల్ శబ్దాన్ని యాక్సిలరేటర్ పట్టిస్తుంది. నొక్కినప్పుడు గేరు పళ్ల ఒక ముఖం, వదిలినప్పుడు రెండో ముఖం భారం మోస్తాయి. ఒక స్థితిలో ఈల వేసి రెండో స్థితిలో ఆగితే పళ్లు కలిసే తీరులో తేడా ఉంది. రెండింట్లోనూ గరుకుగా మోగితే పినియన్ బేరింగు. ఏది విప్పాలన్నా ముందు ఆయిల్ బోల్టు తీసి చూడాలి. వాగు దాటిన బండిలో వేడెక్కిన హౌసింగు ఒక్కసారిగా చల్లబడి, గాలి గొట్టం మూసుకుపోయి ఉంటే సీళ్ల సందుల నుంచి నీటిని లోపలికి లాక్కుంటుంది. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో వస్తే ఇక శబ్దం ఎందుకని అడగనక్కర్లేదు. బోల్టుకు అంటిన పిండి వంటి ఇనుప రజను కొద్దిగా ఉండటం మామూలే, గోటికి తగిలే ముక్కలు ఉండటం మామూలు కాదు.

బ్రేకులది చిన్న వ్యవహారం. మోగుతున్నప్పుడు పెడల్‌ను కాస్త తాకితే శబ్దం ఆగిందా, అది వదులైన ప్యాడ్లదో క్యాలిపర్ పిన్నులదో. కీచుమని సన్నగా అరిస్తే ప్యాడ్ల మందం చూడాలి. రేకులో రాయి ఇరుక్కుంటే బండిని వెనక్కి నడిపినప్పుడు ఒక్కోసారి అదే రాలిపోతుంది.

ఈ పరీక్షల్లో ప్రాణాపాయం ఎక్కువగా ఉన్నది ఒకటుంది. ముందు చక్రాలను మాత్రమే స్టాండ్ల మీద లేపి, ఇంజిన్ నడిపి, ఫోర్‌వీల్‌లో గేరు వేయకూడదు. నేల మీద ఉన్న వెనక చక్రాలు పట్టు దొరకగానే బండిని స్టాండ్ల మీద నుంచి ముందుకు దూకిస్తాయి. నడిపి వినవలసి వస్తే నాలుగు చక్రాలూ నేల వదిలి, ఛాసిస్ నాలుగు చోట్ల గట్టి స్టాండ్ల మీద ఆని ఉండాలి. కింద మనిషి ఉండకూడదు.

ఇన్ని చేశాక కూడా శబ్దం చక్రం వైపుదా, శక్తి ప్రసారానిదా అని తేలకపోతే చివరి మార్గం ముందు ప్రొపెల్లర్ షాఫ్టును తీసివేయడమే. విప్పేముందు రెండు చివర్లా ఫ్లాంజిల మీద సుద్దతోనో పెయింటుతోనో గుర్తు పెట్టాలి, లేకపోతే తిరిగి బిగించినప్పుడు బ్యాలెన్స్ మారి కొత్త ప్రకంపన మొదలవుతుంది. షాఫ్టు విప్పాక లివర్‌ను టూవీల్‌లోనే ఉంచి, శబ్దం విన్న అదే రోడ్డు మీద, అదే వేగంలో, టైర్లలో అంతే గాలితో నడపాలి. మధ్య డిఫరెన్షియల్ ఉండి ఎప్పుడూ నాలుగు చక్రాలతో నడిచే బండ్లకు ఈ పద్ధతి పనికిరాదు. మిగతావాటిలో షాఫ్టు తీసినా శబ్దం వస్తూనే ఉంటే ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ముందుకు వెళ్లే శక్తికీ, షాఫ్టుకూ, దాని క్రాస్‌లకూ ఈ విషయంలో సంబంధం లేనట్టే. మళ్లీ చక్రం దగ్గరికే వెళ్లి, హబ్ విప్పి, బేరింగు రోలర్లను ఒక్కొక్కటిగా వెలుతురులో తిప్పి చూడాలి.